ట్యాంకు అడుగు చూసే దిక్కు లేదు

డీజిల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయని అడిగితే మా వేళ్ళన్నీ బంకు వైపే చూపిస్తాయి. బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా పొద్దున్నే బండి స్టార్టు కాక మొరాయిస్తే మొదటి మాట అదే: "బంకులో నీళ్ళు కలిపారండీ." ఆ మాట అనేశాక ఇక విచారణ అక్కర్లేదు. మెకానిక్కు తప్పు లేదు, డ్రైవరు తప్పు లేదు, ఓనరు తప్పు అసలే లేదు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క మాట చాటున మేమందరం తలదాచుకున్నాం. బంకుల్లో మోసాలు జరగవని కాదు. కానీ కృష్ణా డెల్టాలో లారీల మీద బతికిన మాకు లోపల తెలుసు. మా ట్యాంకుల్లో చేరిన నీళ్ళలో ఎక్కువ భాగం మా చేతుల మీదుగా వచ్చినవే. తెలిసీ నోరు విప్పలేదు.

బంకు మాటే ముందు తేల్చుకుందాం. ప్రతి బంకులో రోజూ డెన్సిటీ చూసి రాసి పెట్టాలి. వచ్చినవాడు అడిగితే హైడ్రోమీటరు, థర్మామీటరు, జాడీ బయటకు తీసి చూపించాలి. ట్యాంకరు చలానాలో రాసిన డెన్సిటీకీ చూసిన డెన్సిటీకీ మధ్య ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. భూమిలోని ట్యాంకులో దించే గజం బద్దకు పేస్టు పూసి దించితే, అడుగున నీరుంటే పేస్టు రంగు మారుతుంది. ఇవన్నీ అడిగే హక్కు మాకుంది. అడిగినవాళ్ళం ఎందరం? నోరెందుకు రాలేదో కూడా చెప్పాలి. బంకులో మాకు ఖాతా ఉంటుంది. నెలాఖరుకో, ధాన్యం కిరాయి వచ్చాకో కట్టే బాకీ. బాకీ ఉన్నవాడు జాడీ తెమ్మని అడగలేడు. ట్యాంకరు వచ్చి బంకులో డీజిల్ దించుతుంటే అడుగు మడ్డి లేచి కలిసిపోతుందని, ఆ కాసేపు పోయించుకోకూడదని తెలిసి కూడా, మిల్లులో లైను పోతుందని అప్పుడే పోయించుకుని వచ్చేశాం.

మాది నీటి నేల. కాలవలు, మురుగు కాలవలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటికి అవతల సముద్రం. ఇంట్లో జాడీలో ఉప్పు చెమ్మగిల్లే ఊళ్ళు మావి. లారీ ట్యాంకు పీల్చేదీ ఈ గాలినే. ఇంజను డీజిల్ తాగేకొద్దీ ఖాళీ అయిన చోటికి గాలి చేరాలి, అందుకే ట్యాంకుకు గాలి రంధ్రం ఉంటుంది. పగలు ఎండకు కాగిన రేకు రాత్రి చల్లబడగానే లోపలి గాలిలోని తేమ రేకుకు పట్టి, బొట్లు కట్టి జారుతుంది. నీరు పల్లమెరుగు. డీజిల్ కన్నా బరువు కాబట్టి నేరుగా అడుక్కే చేరుతుంది. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే అంత ఎక్కువ గాలి, అంత ఎక్కువ చెమ్మ. కనుక బండి రాత్రికి ఆపేటప్పుడే ట్యాంకు నింపి ఆపాలి. మేం చేసింది దానికి పూర్తిగా ఎదురు. చేతిలో ఉన్న డబ్బు కిస్తీకి కట్టేసి, రేపటి ట్రిప్పుకు చాలేంత పోయించి పంపాం. నవంబరు, డిసెంబరులో మా సీజను. మంచు కురిసేదీ అప్పుడే. గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లుల ముందు ధాన్యం లారీలు రాత్రుళ్ళు వరుస కట్టి ఆగేదీ అప్పుడే, అదీ సగానికి తక్కువ ట్యాంకులతో.

కల్తీ ఏమీ లేకపోయినా నీరు రాక తప్పదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 6 డీజిల్ వచ్చింది. ఆ ప్రమాణం ప్రకారం కిలో డీజిల్లో 200 మిల్లీగ్రాముల దాకా నీరు ఉండవచ్చు. 400 లీటర్ల ట్యాంకు నింపితే 60 గ్రాములకు పైగా నీరు ఉండవచ్చన్నమాట. చల్లబడ్డప్పుడు అందులో కొంత విడిపోయి కిందికి దిగుతుంది. బయోడీజిల్ 7 శాతం దాకా కలపడానికి అదే ప్రమాణం ఒప్పుకుంటుంది. బయోడీజిల్‌కు తేమను పట్టి ఉంచే గుణం ఎక్కువ. ఇందులో ఎవరి కుట్రా లేదు. రోజూ అడుగునుంచి నీరు దించాల్సిందేనని ఈ లెక్కలు చెబుతున్నాయి, అంతే.

ఇక మేం చేతులారా చేసినవి. ట్యాంకు మూత పోతే కొత్తది కొనలేదు. గోనె ముక్కో, పాత లుంగీ గుడ్డో కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బిగించి పంపాం. గుడ్డ వాన నీటిని పీల్చి లోపలికి వదులుతుంది, దాని పోగులు డీజిల్లో పడి గొట్టానికి అడ్డం పడతాయి. ట్యాంకు మూతి దగ్గర కంపెనీవాడు పెట్టిన జల్లెడ ఎన్ని బండ్లకు ఉంది? గన్ను జోరుకి డీజిల్ ఎగదన్నుతోందని పీకేశాం. పీకినదాన్ని షెడ్డులో గూట్లో పడేసి మరిచిపోయాం. కైకలూరు వైపు నుంచి హౌరాకీ, అస్సాంకీ వెళ్ళే చేపల లారీలు చూడండి. ఐసు కరిగి బాడీ సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు చాసిస్ మీదుగా జారి, ఎక్కడ మూత వదులుగా ఉందో అక్కడికే చేరతాయి. రొయ్యల లోడైతే ఉప్పు కూడా తోడు. ఉప్పునీరు ఏం చేయగలదో 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజనులో అది చేసే పని వేరు. ఇనుముకు తుప్పు వేగంగా పట్టిస్తుంది. అందులోని సోడియం డీజిల్లోని ఆమ్లాలతో కలిసి ఇంజెక్టరు లోపల సబ్బులాంటి పొర కడుతుంది.

నాగాయలంక, కోడూరు వైపు చెరువు గట్ల మీద డీజిల్ డ్రమ్ములు ఉంటాయి. ఏరేటర్లు తిప్పే జనరేటర్ల కోసం తెచ్చినవి. అవసరానికి లారీల్లోకి కూడా వాటిలోంచే పైపు వేసి లాగుతాం. ఆ డ్రమ్ము ఆరుబయట నిటారుగా నిలబడి ఉంటుంది. పై రేకు అంచు ఎత్తుగా, మధ్య పల్లంగా ఉంటుంది కదా, వాన పడితే ఆ పల్లంలో నీళ్ళు నిలుస్తాయి. బిరడా ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. పగలు డ్రమ్ము వేడెక్కి గాలి బయటకు తోస్తుంది. రాత్రి చల్లబడి తిరిగి లోపలికి లాగుతుంది. అప్పుడు గాలితో పాటు బిరడా మరలోంచి వాన నీళ్ళూ లోపలికి పోతాయి. బిరడా బిగించే ఉందిగా అని మేం ధీమాగా ఉంటాం. డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడూ తొమ్మిదీ ఉండే చోట ఉండేలా తిప్పి పెడితే ఈ బాధ ఉండదు. పైన ఓ తాటాకు కప్పినా సగం బాధ తీరుతుంది. తాటాకు మాకు కరువా? దివిసీమలో తాటిచెట్టు లేని గట్టు ఏది? అయినా కప్పలేదు. ఎందుకంటే డ్రమ్ము రైతుది, డీజిల్ లారీది, కూలీ రోజుది. ఎవరిదీ కాని పని అది.

పాత బండ్లు మమ్మల్ని పాడు చేశాయని కూడా ఒప్పుకోవాలి. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ పంపులు మా తాతల కాలం నుంచి ఎంతో ఓర్చుకున్నాయి. నాజిల్ రెండొందల బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. కాస్త మడ్డి, కాస్త చెమ్మ వెళ్ళినా ఇంజను దగ్గి, పొగ కక్కి, మళ్ళీ దారిలో పడేది. గుడ్డ ఫిల్టరు ఉతికి మళ్ళీ వేసుకున్నవాళ్ళున్నాం. పంపు పాడైతే బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి కాలిబరేషన్ చేయించి తెచ్చుకున్నాం. ఇప్పటి కామన్ రైల్ ఇంజనులో ఒత్తిడి 1600 బార్లు, ఇంకా పైన. ఇంజెక్టరులో కదిలే ముక్కల మధ్య ఎడం రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. పంపుకూ ఇంజెక్టరుకూ వేరే నూనె లేదు, డీజిలే వాటికి నూనె. అక్కడికి నీళ్ళు వెళితే నూనె లేనట్టే, ఇనుము ఇనుమును ఒరుసుకుంటుంది. కాలుతున్న నాజిల్ మొనకు నీటి బొట్టు చేరితే ఆవిరై ఒక్కసారి విచ్చుకుని మొననే చీలుస్తుంది. నాలుగో ఆరో ఇంజెక్టర్లు, ఒక్కొక్కటీ వేలల్లో. ఓ ట్రిప్పు కిరాయి అంతా వాటికే పోతుంది. ఇంజను మారింది, మేం మారలేదు. పాత చేతులతోనే కొత్త బండి తాకాం.

ఈ అడుగు పని ఒకప్పుడు ఒకడు చూసేవాడు. క్లీనరు.

ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. మిగతావన్నీ బద్ధకం, పిసినారితనం. ఇది మాత్రం పాపం. పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాళ్ళను బళ్ళోంచి తప్పించి బండెక్కించాం. పెదన నుంచి, బంటుమిల్లి నుంచి, లంకల నుంచి వచ్చినవాళ్ళు. డ్రైవరు లేవకముందే వాడు లేచేవాడు. రాడ్డుతో టైర్లు కొట్టి చూసి, రేడియేటర్లో నీళ్ళు పోసి, బండి కిందకు దూరేవాడు. ఫిల్టరు గిన్నె కింద మర రెండు చుట్లు సడలించి సీసా పట్టేవాడు. బండి రాత్రంతా నిలకడగా ఉంది కాబట్టి నీళ్ళు విడిపోయి అడుగున ఉండేవి. మొదట నీళ్ళు వచ్చేవి, తెల్లగా, ఒక్కోసారి తుప్పు రంగులో. తర్వాత మధ్యలో జారుడుగా, గోధుమ రంగులో ఓ పొర. ఆ తర్వాత అసలు డీజిల్, పసుపుగా, నిర్మలంగా. అది కనపడగానే మర బిగించేవాడు. "దించావా రా?" అని పైనుంచి డ్రైవరు. "దించాను గురువుగారూ" అని కిందనుంచి వాడు. ఆ మధ్య పొర ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. అది బూజు, బాక్టీరియా. నీటికీ డీజిల్‌కూ మధ్య అంచున కాపురం పెట్టి, డీజిల్‌ను తిని, ఆమ్లం వదిలి, ట్యాంకు రేకును లోపలినుంచి తినేసే జీవాలు. హార్మోకోనిస్ రెసినే అనే ఒక బూజుకు కిరోసిన్ ఫంగస్ అనే పేరే ఉంది. పుస్తకంలో పేరు తెలియకపోయినా ఆ జిగురు ఎక్కువైతే ఫిల్టరు త్వరగా మూసుకుపోతుందని ఆ కుర్రాడికి తెలుసు. వాడు చెబితే మేం వినలేదు. "నీకెందుకురా, పని చూసుకో" అన్నాం.

వాడికి జీతమంటూ సరిగ్గా ఇచ్చింది లేదు. తిండి, బీడీ డబ్బులు, డ్రైవరు దయ. వాడి పనికి పేరు పెట్టలేదు, కాగితం మీద రాయలేదు, వేరేవాళ్ళకు నేర్పలేదు. బండి ఆయువు వాడి చేతిలో ఉన్నా వాడిని "ఒరేయ్" అనే పిలిచాం. ఆ తర్వాత ఖర్చు పెరిగిందని వాడి తిండి మిగుల్చుకోవడానికి వాడినే తీసేశాం. పిల్లలతో పని చేయించడం మానడం మంచిదే. కానీ మేం మానేసింది ధర్మం కోసం కాదు, ఆ పనికి పెద్దవాడిని జీతమిచ్చి పెట్టనూ లేదు. వాడితో పాటు సీసా పోయింది, పొద్దుటి పని పోయింది, ఆ పొర చూసి బండి రోగం చెప్పే కన్ను పోయింది.

ఇప్పుడు అడిగి చూడండి. "నీళ్ళు దించడమా? అది క్లీనరు పని" అంటాడు డ్రైవరు. "డ్రైవరుకు చెప్పాం" అంటాడు ఓనరు. "సర్వీసుకు వచ్చినప్పుడు చూస్తాలెండి" అంటాడు మెకానిక్కు. రాత్రంతా ఒక్కడే తోలి వచ్చినవాణ్ణి తెల్లారి బండి కిందకు దూరమనడానికి మాకు నోరు రాదు, రాకూడదు కూడా. ఇంకో మాట. ఇవాళ స్టీరింగు పట్టిన పెద్ద డ్రైవర్లలో చాలామంది ఆనాటి క్లీనర్లే. పని వాళ్ళకు వచ్చు. మళ్ళీ నేల మీద పడుకుని సీసా పట్టాలంటే వాళ్ళ ప్రాణం ఒప్పుకోదు. ఆ నామోషీ మేం నేర్పిందే. ఎప్పుడైనా ఓ ఓనరు తెల్లచొక్కాతో బండి కిందకు దూరగా వాళ్ళు చూసి ఉంటే ఇంత నామోషీ ఉండేది కాదు.

మెకానిక్కుల సంగతీ దాచకూడదు. వాళ్ళూ మాలో భాగమే. కొత్త ఫిల్టరు బిగించే ముందు డబ్బాలోంచి డీజిల్ పోసి నింపి బిగిస్తారు, ఎయిర్ పట్టకుండా. పాత బండ్లకు చెల్లింది. కామన్ రైల్ బండికి అలా పోస్తే, వడపోతకు అవతలి వైపు, శుభ్రంగా ఉండాల్సిన వైపే మడ్డి పోసినట్టు. ఖాళీ ఫిల్టరు బిగించి చేతిపంపు కొట్టి నింపాలని కంపెనీలు చెబుతాయి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, మేం పక్కన నిలబడి తొందరపెడతాం. అసలు ఫిల్టరుకు బదులు సగం ధరకు దొరికే డూప్లికేటు తెచ్చి ఇచ్చేదీ మేమే. కొత్త బండ్లలో ఫిల్టరు గిన్నెలో నీళ్ళు చేరితే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు విసిగిస్తోందని వైరు పీకించిన బండ్లు మా రోడ్ల మీద తిరుగుతున్నాయి. పీకమన్నది ఎవరు? మేమే.

డీజిల్ దొంగతనం గురించి మేం గొంతు చించుకుంటాం. డ్రైవరు ట్యాంకులో పైపు పెట్టి లాగి దారిలో అమ్మేస్తాడని, ఆ లోటు పూడ్చడానికి దొరికిందేదో పోస్తాడని. ఒకప్పుడు రేషను నీలం కిరోసిన్ అలాగే మా ట్యాంకుల్లోకి దిగింది. ఇందులో అబద్ధం లేదు. కానీ బత్తా చాలదని మాకు తెలుసు. డీజిల్ అమ్ముకుంటే తప్ప వాడి ఇల్లు గడవదని తెలిసే ఆ బత్తా అంతే ఉంచాం. దొంగతనాన్ని వాడి జీతంలో భాగంగా మేమే లెక్క వేసుకున్నాం. అలాంటప్పుడు పైపుతో పాటు ట్యాంకులోకి దిగే దుమ్ముకూ ఇసుకకూ వాణ్ణి నిలదీసే ముఖం మాకెక్కడిది?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడను ముంచింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ చూడని వరద, కిందికి వచ్చి దివిసీమ లంకల్లోకి ఎక్కింది. మునిగిన బండి ట్యాంకులోకి గాలి రంధ్రం గుండా నీరు చేరి ఉంటుంది. దాన్ని సెల్ఫ్ కొట్టకూడదు. ముందు బ్యాటరీ విప్పాలి, ట్యాంకు పూర్తిగా దించాలి, గొట్టాలు కడగాలి, ఫిల్టర్లు మార్చాలి. ఒక్కసారి తాళం తిప్పితే చాలు, ట్యాంకులో ఉన్న బురద నీరు పంపు దాకా, ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. నీరు తీయగానే ఆత్రంగా తాళం తిప్పినవాళ్ళం మాలో ఉన్నాం. తుఫాను రాని ఏడాది లేని చోట పుట్టి, మునిగిన బండిని ఎలా లేపాలో ఒక్క కాగితం కూడా రాసుకుని షెడ్డు గోడకు అంటించుకోలేదు. బీఎస్ 6 బండ్లకు పక్కన వేరే ట్యాంకులో పోసే డెఫ్ ద్రావణం డీజిల్ ట్యాంకులో పోస్తే ఏమవుతుందో కూడా కొత్త డ్రైవర్లకు కూర్చోబెట్టి చెప్పలేదు. అందులో 32.5 శాతం యూరియా, మిగతాదంతా నీరే.

దించిన నీళ్ళు ఎక్కడ పోశామో కూడా చెప్పాలి. కాలవలో. బండ్లు ఆగేది కాలవ గట్టు మీద, సీసా వంచేది కాలవలోకి. ఆ కాలవ నీళ్ళే కింద ఊళ్ళ మంచినీటి చెరువులకు చేరతాయి. వేసవిలో దివిసీమ తాగేది ఆ చెరువుల నీళ్ళే. మేం కూడా అక్కడివాళ్ళమే, మా పిల్లలూ ఆ నీళ్ళే తాగారు. నూనె తెట్టు కాలవ మీద రంగులు తేలుతూ వెళ్ళడం చూస్తూ బీడీ కాల్చుకున్నాం.

మా సంఘాల సమావేశాల్లో కిరాయి మాట్లాడతాం, టోలు మాట్లాడతాం, డీజిల్ ధర మాట్లాడతాం, ఫిట్‌నెస్ ఫీజుల మీద ధర్నాలు చేస్తాం. అవి మాట్లాడాల్సినవే. ట్యాంకు అడుగు గురించి ఏ సమావేశంలోనూ ఒక్కరం లేచి మాట్లాడలేదు. వచ్చే సమావేశంలో ఇది కిరాయి కన్నా ముందు రావాలి. మూత లేని బండి లోడింగుకు వెళ్ళకూడదు. నీళ్ళు దించినందుకు బత్తాలో వేరే డబ్బు ఉండాలి, ఆ డబ్బు డ్రైవరు అడగకుండానే ఇవ్వాలి. దించినది పోయడానికి షెడ్డులో మూత ఉన్న డ్రమ్ము ఉండాలి. పీకించిన లైటు వైర్లు మా ఖర్చుతో మేమే మళ్ళీ కలిపించాలి. మొదటి నెల రోజులు పొద్దున్నే బండి కిందకు దూరి సీసా పట్టేది ఓనర్లే కావాలి, డ్రైవర్లు పైన నిలబడి చూస్తుండగా.